అమ్మకు అందేంత ఎత్తులో మేకు

నేను చెట్లు కోసే మిషన్ పట్టి పదేళ్లు దాటింది. అంతకు ముందు సత్తుపల్లి ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టు పని, పెద్ద పెద్ద బండ్లకు గ్రీజు కొట్టడం. ఆ కాంట్రాక్టు అయిపోయాక ఏన్కూరు దగ్గరి మా ఊరికి తిరిగొచ్చి, సెకండ్ హ్యాండ్ చైన్ మిషన్ ఒకటి కొన్నాను. మా వైపు జామాయిల్ తోటలకు కొదవ లేదు. కాగితం మిల్లుకు పోయే కర్ర అది. నిటారుగా, సన్నగా, పచ్చిగా ఉంటుంది. మిషన్ ఆనిస్తే చాలు, దోసకాయ తరిగినట్టు తెగుతుంది. సాయంత్రం ఇంటికొస్తే ఒళ్లంతా జామాయిల్ వాసన. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా నా చొక్కా వాసన చూడమనేది నా భార్య.

పదేళ్లు మెత్త కర్ర కోసినవాడికి ఒక తెగులు పట్టుకుంటుంది. తనంత మొనగాడు లేడనుకుంటాడు. నాకూ పట్టింది. టీ కొట్టు దగ్గర ఎవరైనా కర్ర సంగతి ఎత్తితే చాలు, చైన్‌కు పదును ఎట్లా పెట్టాలో అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ని. చాలామంది టీ సగంలోనే వదిలేసి లేచిపోయేవాళ్లు. ఆ తెగులు కుదిర్చినవి రెండు: ఒక ఎండు తుమ్మచెట్టు, మా అమ్మ చెయ్యి.

మా చెల్లె ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉంటుంది. ఆమె భర్త షేర్ ఆటో నడుపుతాడు. రెండేళ్లుగా చెల్లెకు ఒకటే ధ్యాస, కట్టె గానుగ పెట్టాలని. పల్లీలు, నువ్వులు కళ్ల ముందే ఆడించి ఇస్తే జనం ఎగబడి కొంటారని ఆమె లెక్క. షెడ్డు దొరికింది, మోటారు దొరికింది. దొరకనిది రోలు. గానుగ రోలుకు చేవ దేరిన కట్టె కావాలి. పగులు ఉండకూడదు, పురుగు ఉండకూడదు, ఇనుము అసలే ఉండకూడదు. సత్తుపల్లిలో గానుగలు చేసే ముసలి వడ్రంగి మొహమాటం లేకుండా చెప్పాడు.

"నాలుగడుగుల నిండు మొద్దు తేండ్రి. అంగుళం తగ్గినా నేను ముట్ట."

అట్లాంటి మొద్దు మా చేను గట్టు మీదే నిలబడి ఉంది. నల్లతుమ్మ. నాకు ఊహ తెలిసేనాటికే పెద్ద చెట్టు. మూడేళ్ల కిందట ఏ వేరుకు ఏం పట్టిందో, ఉన్నట్టుండి ఎండిపోయింది. మూడు ఎండాకాలాలు నిలువునా ఎండిన తుమ్మ ఇక కట్టె కాదు, ఇనుమే. గొడ్డలితో కొడితే గొడ్డలి ఎగిరి మన మీదికే వస్తుంది. చెల్లె దాన్ని చూసి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇదే అన్నా, ఇదే" అంది. అడవి ఆఫీసుకు పోయి, మా పట్టా చేనులోని చెట్టేనని రాయించుకుని, కాగితం జేబులో పెట్టుకున్నాను.

చిక్కు రెండు చోట్ల ఉంది. చెట్టు మొదట్లో చెదలు పట్టి, పగుళ్లు గుండెలెత్తు దాకా పాకాయి. అది పనికి రాదు. పైన పదిన్నర అడుగులు దాటాక చెట్టు పంగగా చీలింది. అదీ పనికి రాదు. మధ్యలో మిగిలిన మానులో ఎక్కడో ఒక మేకు ఉంది. ఆ మేకు మా నాన్న కొట్టింది.

మా నాన్న కోత రంపం మనిషి. భద్రాచలం వైపు అడవి కూపుల్లో దుంగలు కోసేవాడు. దుంగను ఎత్తు మీద పెట్టి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి లాగే పెద్ద రంపం. కొన్నాళ్లకు కింద లాగే జోడీ మనిషి బొగ్గు బాయి పనికి పోయాడు. ఇంకొకరి కోసం వెతకడమెందుకని అమ్మే దిగింది. రంపపు పొట్టంతా ఆమె నెత్తి మీదే రాలేది. కొంగు ముక్కుకు కట్టుకుని లాగేది. ఊరికి వచ్చాక ఇద్దరూ ఈ తుమ్మచెట్టు కిందే కోత పెట్టుకున్నారు. రంపానికి ఆకురాయి పెట్టి పదును తీసే పని మాత్రం నాన్నది కాదు. ఆయనకు ఓపిక తక్కువ, నాలాగే. ఒక్కో పన్నూ పట్టుకుని కూర్చునేది అమ్మే.

పని అయ్యాక రంపాన్ని చెట్టుకే తగిలించేవాళ్లు. నేనూ చెల్లే అప్పుడు చిన్నవాళ్లం, కనపడిన ప్రతిదీ పీకేవాళ్లం. మేకు కిందికి కొడితే మా చేతికి అందుతుంది. నాన్న మంచి పొడుగు. తన చేతి ఎత్తులో కొడితే అమ్మకు అందదు. అందుకని అమ్మను చెట్టుకు ఆనించి నిలబెట్టి, మడమలెత్తి చెయ్యి చాపమని, సరిగ్గా ఆ వేళ్లు తగిలిన చోట జానెడు పలక మేకు కొట్టాడు. అమ్మకు అందేంత, మాకు అందనంత. నాన్న పోయాక రంపం దింపేశాం. మేకును ఎవరూ పట్టించుకోలేదు. చెట్టు మెల్లమెల్లగా దాన్ని మింగేసింది. ఇప్పుడు బెరడు మీద చూస్తే ఆనవాలు లేదు. పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం పీకి తెచ్చి చెట్టంతా పాకించాను. ఎక్కడా పట్టలేదు.

"ముప్పై ఏండ్లాయె గదా. చెట్టు పెరిగింది, మేకు గూడ పైకి పోయి ఉంటది" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

"చెట్టు నెత్తి మీద పెరుగుతది, నడుమ మీద పెరగదు. మేకు ఎక్కడికి పోతది? కొట్టిన కాన్నే ఉంటది" అంది అమ్మ. "నాకు ఎరుక. చూపిస్త."

చెల్లె నా వైపు చూసింది. నేను నా భార్య వైపు చూశాను. ఆ చూపుల సంగతి చెప్పాలి. మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, చివరి రెండేళ్లూ అన్నీ మరిచిపోయింది. కన్న కొడుకునే పట్టుకుని "ఏ ఇంటి పిలగాడివి నాయినా" అని అడిగేది. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంటే, ఆమెకూ అదే ప్రశ్న. ఆ తర్వాత నుంచి అమ్మకు ఒకటే భయం. పొద్దున లేవగానే ఏ వారమో, ఏ తిథో, మనవలూ మనవరాళ్ల పేర్లూ వరసగా చెప్పుకుంటుంది. ఒక్క పేరు ఆలస్యంగా గుర్తొచ్చినా ఆ పూట అన్నం సరిగా తినదు. మేమేమో, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆమె ఏదైనా తప్పు చెబితే ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకోవడం మొదలుపెట్టాం. అమ్మకు అది కనపడకుండా ఉంటుందా? అందుకే ఈ మేకు చెల్లెకు గానుగ సంగతి అయితే, అమ్మకు తన మతి సంగతి. చూపించి తీరాలి.

అమ్మ చెట్టుకు ఆనుకుని నిలబడింది. చెప్పులు విప్పింది. అప్పట్లో చెప్పుల్లేవని ఆమెకు గుర్తుంది. మడమలెత్తి, కుడి చెయ్యి పైకి చాపి, బెరడు మీద అరచేత్తో చరిచింది.

"ఇగో, నా నడిమేలు ఆనిన కాడ."

గొడ్డలితో అక్కడ గాటు పెట్టాను. టేపు పట్టి చూస్తే ఆరున్నర అడుగులు. మేకు వెడల్పుకూ ముందు జాగ్రత్తకూ నాలుగు వేళ్లు వదిలి పైన కోస్తే, పంగ కిందికి సరిగ్గా నాలుగడుగులు. ఒక వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు. లెక్క అంత అచ్చంగా కుదిరేసరికి నాకు హుషారొచ్చింది. వెంటనే మిషన్ స్టార్ట్ చేసి చెట్టు మొదట్లో పెట్టాను.

అక్కడ మొదలైంది నా పరువు పోవడం. మిషన్ మూడు వేళ్ల లోతు పోయి మొండికేసింది. నొక్కాను. పొగ లేచింది. ఇంకా నొక్కాను. కోత ఎడమకు వంకర తిరిగి, చైన్ తిరిగే బార్ ఇరుక్కుంది. ఊడబీకి మళ్లీ పెడితే, మిషన్ ఒక్కసారి ఎగిరి నా మొహం మీదికి రాబోయింది. చెల్లె కెవ్వుమంది. నేను కట్టెను తిట్టాను, మిషన్ తయారు చేసినవాణ్ని తిట్టాను, పెట్రోలు కల్తీ అన్నాను.

అమ్మ వంగి, చెట్టు మొదట్లో రాలిన పొట్టును చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య రుద్దింది.

"ఇదేంది రా, పొట్టా, పసుపా? గింత మెత్తగ వస్తే అది కోసుడు కాదు, అరగదీసుడు. నీ చైనుకు పండ్లు లేవు."

"పొద్దుగాలనే పదును పెట్టిన."

"పెట్టినవ్. దేనికి పెట్టినవ్?"

పదును పదునే కదా, దేనికేమిటి? మిషన్ భుజాన వేసుకుని ఇంటికి నడిచాను. వెనక అమ్మా చెల్లే ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. అది నా గురించేనని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంటికి పోగానే అమ్మ చైన్ విప్పించి ఒళ్లో పెట్టుకుంది. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు. బొటనవేలితో ఒక్కో పన్నునూ తడుముతూ పోయింది.

"ఈ దిక్కు పండ్లు బక్కగున్నయ్, ఆ దిక్కువి బలిసినయ్. కుడి చేతికి ఒత్తు ఎక్కువ నీకు. మరి కోత వంకర పోక ఏం జేస్తది?"

పదేళ్లుగా నా కోత కొంచెం ఎడమకు పోతుంది. అది మిషన్ లోపమని నమ్ముతున్నాను. జామాయిల్ మాను జానెడు మందం, వంకర తెలిసే లోపే తెగి కింద పడుతుంది. తుమ్మ అట్లా కాదు. మన తప్పులన్నీ బయటికి లాగి చూపిస్తుంది.

నా దగ్గర కొత్త చైన్ ఒకటి ప్యాకెట్ విప్పకుండా ఉంది. తెచ్చి విప్పాను. విప్పగానే నా చెయ్యి దానంతటదే బల్లపరుపు ఆకురాయి మీదికి పోయింది. చైన్‌లో ప్రతి పన్ను ముందూ చిన్న బొడిపె ఉంటుంది. పన్ను ఒక్క పట్టుకు ఎంత లోతు కొరకాలో ఆ బొడిపే నిర్ణయిస్తుంది. బొడిపెను అరగదీస్తే పన్ను పెద్ద ముక్క కొరుకుతుంది, పని జల్దీ అవుతుంది. జామాయిల్ కోసే మా వాళ్లమంతా కొత్త చైన్ కొన్న రోజే బొడిపెలన్నీ కొట్టేస్తాం. కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించినంత ఆచారం అది మాకు. కంపెనీవాడు వాటిని ఎందుకు పెట్టాడో అడిగిన పాపాన ఎవరమూ పోలేదు.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్?"

చెప్పాను.

"బూరుగ కోసే రంపానికి పండ్లు పొడుగ్గ ఉంచేదాన్ని. చింతకు, తుమ్మకు పొట్టిగ ఉంచేదాన్ని. మెత్తకట్టెను పెద్ద బుక్క తినొచ్చు. గట్టికట్టెను పెద్ద బుక్క కొరికితే పన్నే ఊడుతది. దీన్ని చిన్న బుక్కలు తిననియ్యి."

చైన్ మిషన్‌ను జన్మలో పట్టని మనిషి, పదేళ్లు పట్టినవాడికి చెప్పిన మాట ఇది. నేను ఆకురాయి కింద పెట్టేశాను. పొద్దున మిషన్ ఎందుకు ఎగిరిందో అప్పుడు అర్థమైంది. బొడిపెల్లేని పళ్లు మింగలేనంత కొరికి, మింగలేక నా మీదికి తన్నాయి.

"నా ఆకురాయి పిడి ఉన్నది గదా, బల్ల మీది డబ్బాల. అది తెస్త, నీ సన్న ఆకురాయికి పెట్టుకో. చెయ్యి కుదురుగ ఉంటది" అంటూ అమ్మ లేచింది.

వంటింట్లో గోడకు బిగించిన చెక్క బల్ల ఉంది. దాని మీద అమ్మ పాత సామాను డబ్బా. అమ్మ వెళ్లి చెయ్యి చాపింది. మడమలెత్తింది. వేళ్లు బల్ల అంచు దగ్గర గాల్లో ఆడాయి.

"ఓరి, టైల్సు ఏపిచ్చినప్పుడు ఈ బల్లను ఎత్తు లేపిచ్చినవా?" అని అడిగింది అక్కణ్నుంచే.

నా భార్య పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. టైల్స్ వేస్తే నేల రెండు వేళ్లు పైకి లేచింది. అంటే బల్ల ఇంకా దగ్గరికి రావాలి. ఎవరూ ముట్టని బల్లను నేను పైకి లేపానంటుంది! చెల్లె మాత్రం నవ్వలేదు. నాతో మెల్లగా అంది.

"అన్నా, మేకు సంగతి కూడా గిట్లనే అయితే ఎట్ల?"

ఆ మాట వంటింట్లోకి వినపడిందేమో నాకు తెలియదు. అమ్మ డబ్బా అడగడం మానేసి స్టూలు లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే నా భార్యతో సహా నలుగురం చేనుకు పోయాం. కొత్త చైన్, బొడిపెలు భద్రంగా. ఈసారి మిషన్ ఎగరలేదు. తుమ్మలోకి తొందర లేకుండా, ఆగకుండా దిగింది. పొట్టు పొడిగా కాక చిన్న చిన్న పొరకలుగా, ఎర్రగా వచ్చి నా బూట్ల మీద పడింది. అమ్మ పిడికెడు తీసుకుని చూసి, తలాడించి పారబోసింది. ట్యాంకులో పెట్రోలు అయిపోయినప్పుడల్లా ఆపమంది. ఒక్కో పన్నుకు రెండే రెండు దెబ్బలు, లోపలి నుంచి బయటికి, రెండు పక్కలా ఒకే ఒత్తు. ఆమె పిడి నిజంగానే చేతిలో కుదిరింది. ఎడమ పక్క పళ్లకు నేను ఎడమ చెయ్యి వాడటం నేర్చుకున్నాను, ఆ వయసులో. మొదట్లో అన్నం ఎడమ చేత్తో తింటున్నంత అవస్థ.

పది గంటలకల్లా చెట్టు మేము అనుకున్న వైపే, పక్క చేనువాడి పత్తి మీద పడకుండా ఒరిగింది. పంగ కింద కోత అరగంటలో అయింది, గీత గీసినట్టు. ముందుకెళ్లి కోత ముఖాన్ని చేత్తో నిమిరాను. ముదురు ఎరుపు, ఎక్కడా పగులు లేదు. చెల్లె మొద్దును అప్పుడే తన షెడ్డులో ఉన్నట్టు చూసుకుంటోంది. ఫోన్‌లో రెండు ఫొటోలు తీసి వడ్రంగికి పంపింది.

మిగిలింది ఒక్క కోత. గాటు నుంచి నాలుగు వేళ్లు కొలిచి, సుద్దతో చుట్టూ గీత గీశాను. చైన్‌కు మళ్లీ పదును పెట్టాను. అమ్మ దగ్గరికొచ్చి గాటును వేలితో తాకింది. "ఇక్కడ" అంది. మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనన్నట్టు మా ముగ్గురి వైపూ చూసింది.

కోత రెండు వేళ్లు దిగిందో లేదో, చెవులు చిల్లులు పడే చప్పుడు. నిప్పురవ్వలు. మిషన్ ఆపి పైకి లాగాను. చైన్ మీద కనీసం పది పళ్లు అంచులు విరిగి తెల్లగా మెరుస్తున్నాయి. కోతలోకి తొంగి చూస్తే మేకు. గాటు దగ్గర కాదు. నాలుగు వేళ్లు పైన, నా సుద్ద గీత మీద, సరిగ్గా కోత నడుమ.

నాకు కోపం వస్తే నోటికి తాళం ఉండదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మంటెత్తుతుంది.

"మతి లేనోళ్ల మాట పట్టుకొని చైను పాయె, మొద్దు పాయె!" అని అరిచాను.

చెల్లె నా చెయ్యి గట్టిగా గిల్లింది. అప్పటికే మాట దాటిపోయింది. అమ్మ గట్టు మీద కూర్చుని, కాసేపు చెప్పుల్లోని మట్టి దులుపుకుంది.

"నాకు అందేటట్టే కొట్టిండు మీ నాయిన" అంది చివరికి, మాలో ఎవరినీ చూడకుండా. "గంత వరకే నాకు ఎరుక. ఇగ నన్నేం అడగకు బిడ్డా. నాకు యాదికి లేదు."

ఆ "యాదికి లేదు" అన్నది ఆమె నోట ఎప్పుడూ వినలేదు. ఎంత కష్టపడైనా గుర్తు తెచ్చుకునేది కానీ, లేదని ఒప్పుకునేది కాదు. నా కోపమంతా చప్పున చల్లారిపోయి, దాని జాగాలో భయం కూర్చుంది.

ఏదో ఒకటి చెయ్యాలని టేపు తీసుకుని, నేలలో మిగిలిన మోడు ఎత్తు కూడా కలిపి, మొదటి నుంచి మేకు దాకా కొలిచాను. ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. గాటు ఆరున్నర దగ్గర. చెట్టు నడుమ మీద పెరగదని అమ్మే చెప్పింది, అది నిజం. నాన్న చెయ్యి తప్పదు, మేకు నడవదు. చెట్టు మారలేదు, మేకు మారలేదు. మరి మధ్యలో ఈ నాలుగు వేళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి?

వంటింటి బల్ల గుర్తొచ్చింది. నేల రెండు వేళ్లు పైకి లేచినా అందని బల్ల. గాల్లో ఆడిన వేళ్లు.

"చెల్లే, అమ్మ చీరెలు ఈ మధ్య కిందికి ఆనుతున్నయా?" అని అడిగాను.

"అవ్. కుచ్చిళ్లు నేల రాస్తున్నయని మొన్ననే రెండు మడిచి కుట్టిచ్చిన. ఎందుకన్నా?" అని, నా మొహం చూసి, చేతిలో టేపు చూసి, తనకూ అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెళ్లి అమ్మ ముందు కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు జెప్పింది కరెక్టే. నాయిన నీ చేతికి అందేటట్టే కొట్టిండు. మేకు కొట్టిన కాన్నే ఉన్నది. నువ్వే నాలుగు వేళ్లు పొట్టిగ అయినవ్."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నేను ఎగతాళి చేస్తున్నానా, బుజ్జగిస్తున్నానా అని తేల్చుకుంటోంది. బల్ల సంగతి చెప్పాను. చీరెల సంగతి చెల్లె చెప్పింది. అమ్మ తన కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్ల చెయ్యిలా తిప్పి తిప్పి చూసుకుంది.

"అంటే నేను మరిచిపోలే?"

"మరిచిపోలే అమ్మా."

"పొట్టిగనే అయిన?"

"పొట్టిగనే అయినవ్."

నవ్వింది. చిన్న నవ్వు కాదు, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేంత నవ్వు. ముసలితనం వచ్చి నాలుగు వేళ్లు కుంగిపోయావని కొడుకు చెబితే, లాటరీ తగిలినంత సంబరపడ్డ మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంటే, పొట్టు పడిందా అని అడిగింది అమ్మ. అవునన్నాను. రాత్రి భోజనాలప్పుడు క్షమించమని అడుగుదామనుకున్నాను. కానీ అప్పుడే, అక్కడే అడిగేశాను. "పోనియ్ తియ్యి, మీ నాయిన అయితే ఇంకా పెద్దగ ఒర్రేటోడు" అంది.

తర్వాత అంతా పనే. మేకు కోత గీత మీదే ఉంది కనుక మొద్దు వైపు లోతుగా పోలేదు. పారేసే వైపు నుంచి ఉలితో, సుత్తెతో కట్టెను చెక్కుకుంటూ పోయి మేకును బయటపెట్టాం. తుమ్మలో ఇనుము నానితే కట్టె సిరా పోసినట్టు నల్లబడుతుంది. మేకు చుట్టూ అట్లాగే నల్లబారి ఉంది. పట్టుకారుతో పీకితే కీచుమంటూ వచ్చింది. తుప్పు పట్టిన పలక మేకు. అమ్మ దాన్ని కొంగులో ముడి వేసుకుంది.

చైన్‌లో పది పళ్లు విరిగితే ఆ పదింటికి మాత్రమే పదును పెడితే కుదరదు. బాగున్నవాటిని కూడా విరిగినవాటి పొడుగుకే తెచ్చుకోవాలి. లేకపోతే మళ్లీ వంకరే. నేను ఒక పక్క పళ్లు, అమ్మ రెండో పక్క. చైన్ మా ఇద్దరి మధ్యా, తుమ్మ మొద్దు మీద. ఆమె ఆకురాయి చప్పుడు ఒకే తీరుగా ఉంది, నాది ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా. ఆ చప్పుడు విని నా ఒత్తు సరిచేసుకున్నాను. పళ్లన్నీ ఒక తీరుకు వచ్చేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. చెల్లె టిఫిన్ డబ్బా మూత తీసి పెట్టినా ఎవరం లేవలేదు.

ఆఖరి కోత పది నిమిషాల్లో అయింది. టేపు పెట్టాం. నాలుగడుగులు. వడ్రంగి కోత ముఖం మీద పైసా బిళ్లంత నల్లమచ్చ చూసి, ఇనుమేమోనని మూడుసార్లు గోరుతో గీకి చూశాడు. లేదని తేలాక గానీ మొద్దును లోపలికి దొర్లించనివ్వలేదు.

ఇప్పుడు ఖానాపురం హవేలిలో చెల్లె గానుగ ఆడుతోంది. అమ్మ నెలకు రెండుసార్లు పోతుంది, నూనె కోసమని పేరు. పోయేది రోలు అంచున ఉన్న ఆ మచ్చను వచ్చినవాళ్లకు చూపించడానికి. "నేను చెప్పిన కాన్నే ఉండె" అంటుంది. నాలుగు వేళ్ల సంగతి మాత్రం చెప్పదు. నేనూ చెప్పను. టీ కొట్టు దగ్గర నా ఉపన్యాసాలు కూడా తగ్గాయి. జామాయిల్ కోసే పిల్లలు కొత్త చైన్ కొనుక్కుని వస్తే, ఆ బొడిపెలను రెండు రోజులు ముట్టుకోవద్దని చెప్పి ఊరుకుంటున్నాను. ఎవరూ వినడం లేదు.

మొద్దును వడ్రంగికి అప్పజెప్పి వచ్చిన రోజే వంటింటి బల్ల బ్రాకెట్లు విప్పి కిందికి బిగించాను. నాన్నలా మడమలెత్తితే అందేంత ఎత్తులో కాదు, ఎత్తకుండానే అందేంత ఎత్తులో. అమ్మకు చెప్పలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఆకురాయి పిడిని డబ్బాలో దాస్తోంది. చెయ్యి సులువుగా డబ్బా మీద ఉంది. మడమలు మాత్రం, పాత అలవాటు, లేచే ఉన్నాయి.